ఖాళీ చేసిన తేదీ

ఫిబ్రవరి రెండో ఆదివారం, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు, సూరప్పగరువు సమాధాన మందిరంలో నాలుగు వందల పన్నెండు మంది ఒకేసారి తమ సమాధి స్థలాలు పోగొట్టుకున్నారు.

వారిలో నూట ఎనభై ఏడుగురు అప్పటికే వాటిలో ఉన్నారు.

ఈ పని చేసింది దొంగలు కాదు, కబ్జాదారులు కాదు. మా సంఘ కమిటీ. ఆయుధం ఒక తీర్మానం. ఆ తీర్మానాన్ని స్వదస్తూరితో రాసింది నేను. కాబట్టి దీన్ని నా నేరాంగీకారం అనుకోవచ్చు.

నా పేరు సీలాసు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు దస్తావేజులకు నకళ్లు రాసి రిటైరయ్యాను. రిటైరైన మర్నాడే సంఘం పిలిచి సభ్యత్వ రిజిస్టరు నా చేతిలో పెట్టింది.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. అది తెలియకపోతే ఈ నేరం అర్థం కాదు. సభ్యత్వ సంఖ్య, సమాధుల తోటలో స్థలం సంఖ్య మాకు ఒకటే. బాప్తిస్మం పొంది, తడి బట్టలు మార్చుకుని రాగానే నంబరు ఇస్తారు. అదే నంబరు చెక్కిన రాయి తోటలో పాతి ఉంటుంది. తీరిక ఉంటే వెళ్లి చూసుకుని రావచ్చు. ఎనభై ఏళ్ల కిందట బాదం చెట్టు నీడ కోసం రెండు కుటుంబాలు తగవుపడి, పోయిన మనిషిని పూడ్చకుండా రోజున్నర ఆపారట. అప్పుడు పెట్టిన నియమం ఇది. పెళ్లయితే భర్త పక్క నంబరు భార్యకు వస్తుంది. అందుకే మా వాళ్లు సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి ఉద్యోగం సంగతి తేలగానే, పక్కన ఖాళీ ఉందా అని అడుగుతారు.

జనవరిలో కొత్త సంవత్సరం కూడికలకు బయటి ఊరి ప్రసంగీకుడు ఒకాయన వచ్చాడు. 'మీ పట్టికలో మొదటి పేరు ఎవరిది?' అని గట్టిగా అడిగి, భోజనం చేసి, మూడింటి బస్సుకు వెళ్లిపోయాడు. ఆయన అడిగింది మనసులోని పట్టిక గురించి. మా సెక్రటరీ ఎజ్రా ప్రభాకర్ గారు రిజిస్టరు తెరిపించారు.

ఎజ్రా గారు మండల రెవెన్యూ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి దిగినవారు. మామూలుగా మాట్లాడినా ఆయన మాట కింద ఆఫీసు ముద్ర ఉన్నట్టే వినిపిస్తుంది.

"సీలాసు గారూ, వరుస సంఖ్య ఒకటి ఎవరిది?" అని అడిగారు కమిటీలో.

"మీ తాతగారిదేనండి. తలారి ఆరోను గారు. సంఘ స్థాపకులు."

"దేవునిది ఎన్నో నంబరు?"

నేను పేజీలు తిప్పాను. నిజంగానే తిప్పాను. ముప్పై నాలుగేళ్ల అలవాటు. చివరి పేజీ దాకా వెళ్లి, "లేదండి" అన్నాను.

"అంటే ఇంతమందిలో ఆయన ఒక్కడే సభ్యుడు కాడు."

అప్పటికి మా సంఘానికి కాపరిగా వచ్చి ఆరు నెలలైన బర్నబాసు అయ్యగారు కుర్చీలో కదిలారు. మెతక మనిషి. "ఎజ్రా గారూ, అది ఆత్మీయమైన మాట కదండి. హృదయంలో ఇవ్వాల్సిన చోటు..."

"ఆత్మీయమైనదే అయ్యగారూ. కాదని ఎవరన్నారు. కానీ హృదయం తనిఖీకి దొరకదు. రిజిస్టరు దొరుకుతుంది." ఆయన నా వైపు తిరిగారు. "మా తాతగారిని రెండో స్థానానికి పంపిస్తున్నాను. దీన్ని నా వ్యక్తిగత త్యాగంగా మినిట్స్‌లో రాయండి."

రాశాను.

దరఖాస్తు లేకుండా ఎవరినీ చేర్చకూడదని మూడో నిబంధన. ఖాళీ దరఖాస్తు తీశాను. మొదటి గడి పూర్తి పేరు. అక్కడే గంటంబావు పట్టింది. ఒక్క సభ్యత్వమా, మూడా అన్నది ప్రశ్న. త్రిత్వం కాబట్టి మూడు నంబర్లు ఇవ్వాలని ఒక పెద్ద పట్టుబట్టాడు. చివరికి నంబరు ఒకటే ఇచ్చి, హాజరు పట్టీలో మాత్రం మూడు వరుసలు వదలాలని రాజీ కుదిరింది.

"తండ్రి పేరు?" అన్నాను.

అయ్యగారు చేత్తో మొహం కప్పుకున్నారు.

"దరఖాస్తుదారే తండ్రి అని రాయండి" అన్నారు ఎజ్రా గారు.

"నివాసం సంఘానికి అయిదు కిలోమీటర్ల లోపు ఉండాలండి."

"ఎక్కడుంటాడాయన?"

"అంతటా ఉంటాడండి" అన్నారు అయ్యగారు, వేళ్ల సందుల్లోంచి.

"అయితే అయిదు కిలోమీటర్ల లోపు కూడా ఉన్నట్టే. స్థానికుడు అని రాయండి. బాప్తిస్మం?"

"అయిందండి. నదిలో" అన్నారు అయ్యగారు.

"ధ్రువపత్రం?"

"ఆకాశం నుంచి స్వరం వచ్చిందండి."

"లిఖితపూర్వకంగా ఏమీ రాలేదా?" ఎజ్రా గారు ఆలోచించారు. "సరే. ప్రత్యేక కేసుగా సడలింపు ఇద్దాం."

ఆ తర్వాత మాట్లాడే భాషలు, వచ్చిన చేతిపని, గతంలో ఎక్కడైనా సమాధి స్థలం వాడుకున్నదీ లేనిదీ, పాటల బృందంలో చేరే ఆసక్తి వంటి గళ్లు. వాటిని ఎవరూ పట్టించుకోలేదు. నేను అందరికీ రాసే జవాబులే రాసుకుంటూ పోయాను.

చిట్టచివర చిక్కు వచ్చింది. సిఫారసు. ఇద్దరు సభ్యులు సంతకం చేయాలి. పైన అచ్చయిన వాక్యం ఇది: పై దరఖాస్తుదారుని కనీసం రెండేళ్లుగా వ్యక్తిగతంగా ఎరుగుదునని ధ్రువీకరిస్తున్నాను.

గదిలో ఏడుగురం ఉన్నాం. ఎవరూ పెన్ను ముట్టుకోలేదు.

ఎజ్రా గారు తన పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టారు. "నేను సెక్రటరీని. నేనే సిఫారసు చేసి నేనే ఆమోదిస్తే బాగుండదు." మూడు నంబర్లు అడిగిన పెద్దకు ఇంట్లో ట్యాంకు నిండిపోతోందని గుర్తొచ్చింది. సంఘ కాపరి సిఫారసు చేయకూడదన్న ఆరో నిబంధనను అయ్యగారు తానే చూపించారు, కొంచెం ఊపిరి పీల్చుకుని.

అందరూ నన్ను చూశారు. ఆయన పేరు నా చేత్తో కొన్ని వేలసార్లు రాశాను. ఆయన గురించి విన్నది చాలా ఉంది. ఆయనతో మాట్లాడింది ఎప్పుడని చూసుకుంటే, పింఛను కాగితాలు ఏలూరులో ఆగిపోయిన ఆ నాలుగు నెలలు గుర్తొచ్చాయి. అది పరిచయం కిందికి వస్తుందా, అర్జీ కిందికి వస్తుందా?

"ఏంటర్రా, ఎవరన్నా పోయారా?"

కిటికీ అవతల తబితమ్మ అత్తయ్య. ఎనభై ఆరేళ్లు. చేతిలో గోంగూర కట్ట. ఆమె నంబరు యాభై ఎనిమిది. ఈ మందిరం గోడలు కట్టిన ఆమె భర్త యోనా మేస్త్రి యాభై ఏడులో పదకొండేళ్లుగా పడుకుని ఉన్నాడు. పక్కన తన స్థలం ఊరికే ఎందుకని ఆమె అందులో గోంగూర వేసింది. శనివారం శనివారం వెళ్లి కలుపు తీస్తుంది. మొదటి కోత అయ్యగారింటికి.

"దేవుణ్ణి రెండేళ్లుగా ఎరిగినవాళ్ల సంతకం కావాలి అత్తయ్యా" అన్నాను.

"రెండేళ్లేంటి? ఇలా తే."

కిటికీ ఊచల మధ్య నుంచి సంతకం చేసింది. ఎంతకాలంగా ఎరుగుదురు అన్న గడిలో డెబ్బై రెండేళ్లు అని రాయమంది. "మధ్యలో ఓ మూడేళ్లు మాటల్లేవులే. మా పెద్దోడు పోయినప్పుడు. అది కూడా రాయాలా?"

"అక్కర్లేదండి" అన్నారు ఎజ్రా గారు.

ఆమె పేరు కింద నేనూ సంతకం చేశాను. నా అక్షరాలు ఎప్పుడూ అచ్చులా ఉంటాయి. ఆ ఒక్క సంతకం వంకరగా వచ్చింది.

ఆ సంతకంతో తబితమ్మ అత్తయ్య తన సమాధిని తానే పోగొట్టుకుంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. నాకూ తెలియదు.

ఆదివారం తీర్మానం చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. మందిరంలో సరిగా తిరిగే ఫ్యాను ఒక్కటే ఉంది. దాని కింద తెల్లగుడ్డ పరిచిన కుర్చీ వేసి, అది మొదటి సభ్యునికి కేటాయించినట్టు బోర్డు పెట్టారు. చంటిపిల్లల తల్లులు ఎండ పడే కిటికీ పక్కకు జరిగారు.

హాజరు మరో సమస్య. ఆయన వచ్చాడో లేదో ఎవరు చెప్పాలి? తన పేరున ఇద్దరు ముగ్గురు కూడిన చోట ఉంటానని ఆయనే మాటిచ్చాడు గనుక, ఇద్దరు వస్తే హాజరు వేయమని ఎజ్రా గారు ఉత్తర్వు ఇచ్చారు. ఒక బుధవారం ప్రార్థనకు ఈదురుగాలి వల్ల అయ్యగారు ఒక్కరే వచ్చారు. గంటసేపు ఒంటరిగా ప్రార్థన చేసుకుని వెళ్లారు. రిజిస్టరులో దేవునికి గైర్హాజరు పడింది. మూడు వరుసల్లోనూ.

ఇవన్నీ ఎవరికీ హాని చేసేవి కావు. అసలు దెబ్బ తోటలో తగిలింది.

దేవుడు ఒకటి అయ్యాడు గనుక మిగతావాళ్లంతా ఒక్కో అంకె వెనక్కి జరిగారు. నంబరు, స్థలం ఒకటే గనుక స్థలాలూ జరగాలి. చివరి సభ్యురాలు సుకన్య, బళ్లో టీచరు, నాలుగు వందల పదమూడు అయింది. తోట గోడ నాలుగు వందల పన్నెండుతో ఆగిపోతుంది. అవతల రొయ్యల చెరువు.

"ఈత నేర్చుకోమంటారా సార్?" అని అడిగింది సుకన్య.

"దరఖాస్తు పెట్టుకోండి, పరిశీలిస్తాం" అన్నారు ఎజ్రా గారు.

అంతకంటే పెద్ద చిక్కు పోయినవాళ్లది. యోనా మేస్త్రి కొత్త నంబరు యాభై ఎనిమిది. పడుకున్నది యాభై ఏడులో. అంటే ఇతరుల స్థలంలో ఉన్నట్టు. ఇలాంటి ఆక్రమణదారులు మొత్తం నూట ఎనభై ఏడుగురు తేలారు. ఎజ్రా గారి తాతగారు ఏకంగా దేవుని స్థలంలో ఉన్నారు.

"చట్టం ముందు అందరూ సమానమే" అన్నారు ఎజ్రా గారు. మొదటి నోటీసు తాతగారి సమాధి మీదే అంటించారు.

నోటీసు నేనే రాశాను. తమరు ప్రస్తుతము ఇతరుల స్థలములో అనధికారికముగా ఉన్నట్టు కమిటీ దృష్టికి వచ్చినది. పదిహేను దినములలోగా తమకు కేటాయించిన స్థలమునకు మారవలెను. లేనియెడల సంజాయిషీ దాఖలు చేయవలెను.

గడువు ముగిసింది. సంజాయిషీలు రాలేదు. మరో పదిహేను రోజులు పొడిగించారు. అప్పుడూ రాలేదు.

"అందరూ ఒకే మాట మీద ఉన్నట్టున్నారు" అన్నారు అయ్యగారు.

చివరికి కమిటీ సానుభూతితో పరిశీలించి, మృతులు ఉన్నచోటనే ఉండడానికి తాత్కాలిక అనుమతి ఇచ్చింది. ఒక్కటే షరతు. ఎవరికి కేటాయించిన స్థలాన్ని వారి కోసం ఖాళీగా ఉంచాలి. వాళ్లు ఎప్పుడు మనసు మార్చుకున్నా ఇబ్బంది ఉండకూడదు.

అంటే యోనా మేస్త్రి యాభై ఏడులో ఉంటాడు. యాభై ఎనిమిది ఆయన పేరు మీదే ఖాళీగా ఉంటుంది. తబితమ్మ అత్తయ్య యాభై తొమ్మిదిలోకి వెళ్లాలి. గోంగూర పీకేయాలి.

అదే వారం ఆమె వాకిట్లో పడిపోయింది. భీమవరంలో డాక్టరు చూసి, గుండె బాగా అలిసిపోయిందని, ఇంటికి తీసుకెళ్లి మంచిగా చూసుకోమని చెప్పాడు. ఎన్నాళ్లని కోడలు అడిగితే, వారాలు అన్నాడు. నెలలు అనలేదు.

నేను వెళ్లేసరికి మంచం మీద కూర్చుని ఉంది.

"సీలాసూ, మా ఆయనకి రెండు స్థలాలంట గదా. బతికినన్నాళ్లూ మాకు ఒక్క గది. అందులోనే ఆయన ఇసక జల్లెడ, నా కుట్టు మిషను, నలుగురు పిల్లలు. ఇప్పుడు పక్కన ఖాళీ వదులుకుని దర్జాగా పడుకుంటాడా?"

"సెక్రటరీ గారితో మాట్లాడతాను అత్తయ్యా."

మాట్లాడాను. ఎజ్రా గారు కోప్పడలేదు. బాధపడ్డారు.

"సీలాసు గారూ, మా తాతగారు జరిగారు. నేను జరిగాను. దేవునికి మొదటి స్థానం ఇవ్వడానికి అందరం తలా ఆరడుగులు జరిగాం. డెబ్బై రెండేళ్ల విశ్వాసం అని రాయించుకున్న మనిషి, దేవుని కోసం ఆ మాత్రం జరగలేదా?"

ఆ మాటే తెచ్చి ఆమెకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆమె చీర కొంగు అంచు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"నేను ఆయనకి అడ్డుపడుతున్నానా సీలాసూ? నాకు మా ఆయన ముందయ్యాడా?"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. పెద్ద కొడుకును పూడ్చిన రోజున కూడా ఆమె అలా మాట్లాడలేదు. చావంటే ఆమెకు భయం లేదు. పోయాక దేవుని ముందు నిలబడితే, నాకంటే నీకు యోనా ఎక్కువ కదూ అని అడుగుతాడేమోనని భయం. మా కమిటీ ఆమెకు ఇచ్చింది అది. ఎనభై ఆరేళ్లకు, వారాలే మిగిలినప్పుడు.

"ఆ నిబంధనలు ఓసారి చదువు" అంది కాసేపయ్యాక. "అన్నీ చదువు. అడ్డుపడుతుంటే ఎక్కడ అడ్డుపడ్డానో తెలియాలిగా."

ఒకటి నుంచి మొదలుపెట్టాను. పందొమ్మిది దగ్గర ఆమె చెయ్యెత్తింది.

"ఇది జ్ఞానసుందరం గారి గొడవప్పుడు పెట్టింది కదూ?"

అవును. జ్ఞానసుందరం గారిని ఇక్కడే పూడ్చారు. ఏడాది తిరక్కుండా పెద్దకొడుకు తవ్వించి విశాఖపట్నం తీసుకెళ్లాడు. మరో ఏడాదికి చిన్నకొడుకు మళ్లీ ఇక్కడికి తెస్తానని స్థలం అడిగాడు. ఆ తలనొప్పితో పెట్టిన నిబంధన అది. అప్పుడే రిజిస్టరులో చిట్టచివర 'ఖాళీ చేసిన తేదీ' అని ఒక గడి కూడా చేర్చారు. నలభై ఏళ్లలో దాన్ని ఒక్క జ్ఞానసుందరం గారికే వాడారు.

"దరఖాస్తు ఉందా నీ దగ్గర? దేవుడిది?"

సంచిలోంచి తీసిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని గళ్ల వెంట వేలు నడిపించింది. వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడ రాసింది ఎవరు?"

"నేనే అత్తయ్యా."

"చదువు."

చదివాను. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాను. అక్షరాలు అవే. దస్తూరీ నాదే.

తబితమ్మ అత్తయ్య నవ్వడం మొదలుపెట్టింది. ఆయాసం వచ్చేదాకా నవ్వింది. "మట్టల ఆదివారం సర్వసభ్య సమావేశం ఉందిగా" అంది. "నన్ను తీసుకెళ్లండి."

మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ ఇంటికి పోలేదు. రెండు వందల మంది, చేతుల్లో ఈత మట్టలు. తబితమ్మ అత్తయ్యను ఆటోలో తెచ్చి, ఇద్దరు మనవలు చెరో రెక్కా పట్టుకుని నడిపించారు. ఆమె నేరుగా ఫ్యాను కిందికి వెళ్లి, తెల్లగుడ్డ పరిచిన కుర్చీలో కూర్చుంది.

"తబితమ్మ గారూ, అది కేటాయించిన కుర్చీ" అన్నారు ఎజ్రా గారు మైకులో.

"తెలుసు. అడిగే కూర్చున్నాను."

ఆ మాటకు ఏ నిబంధన వర్తిస్తుందో ఎజ్రా గారికి వెంటనే తట్టలేదు. ఆమె కాగితం పైకెత్తి చూపించింది.

"ఎజ్రా, దీని మీద సంతకం నాదేనా?"

"మీదేనండి."

"ఇందులో రాసినదానికి నేను పూచీయేనా?"

"సిఫారసు చేసినవారు పూర్తి బాధ్యులు. నిబంధన ఏడు."

"అయితే పన్నెండో ప్రశ్న చదువు నాయనా. నువ్వు సండే స్కూల్లో నా దగ్గర చదివినట్టు గట్టిగా చదువు."

ఎజ్రా గారు కాగితం అందుకున్నారు. "గతంలో ఎక్కడైనా, సొంతదైనా ఇతరులదైనా, సమాధి స్థలం వినియోగించుకున్నారా?"

"జవాబేంటి?"

ఎజ్రా గారు చూశారు. మైకు కొంచెం దూరం జరిపారు. "లేదు" అన్నారు.

"మైకులో చెప్పు."

"లేదు."

రెండు వందల మంది ఆ మాటను లోపల తిరగేసుకుంటున్నారు. వచ్చే ఆదివారం, ఈస్టరు తెల్లవారుజామున వీళ్లందరూ తోటకు వెళ్లి, సమాధుల మధ్య నిలబడి, ఆయన లేచాడని పాడాలి. ఎనభై ఏళ్లుగా పాడుతున్నారు.

"అంటే ఆయన్ని సమాధి చెయ్యలేదంటావు" అంది తబితమ్మ అత్తయ్య.

"నేననలేదండి. సీలాసు గారు రాశారు."

తలలన్నీ నా వైపు తిరిగాయి. "అందరికీ అదే రాస్తామండి" అన్నాను. "అలవాటు."

"అయితే శుక్రవారం అయ్యగారు దేని మీద ప్రసంగం చేస్తారు?" అంది వెనక నుంచి సుకన్య. "ఆదివారం ఇక పడుకోవచ్చేమో మేం."

బర్నబాసు అయ్యగారు లేచి నిలబడ్డారు. "ఆ జవాబు దిద్దాలి. ఇప్పుడే." వచ్చినప్పటి నుంచి ఆయన నోట అంత గట్టి మాట నేను వినడం అదే మొదలు.

"దిద్దండి" అన్నారు ఎజ్రా గారు. "అవును అని రాయండి. సవరణకు కమిటీకి అభ్యంతరం లేదు."

కొట్టేసి, అవును అని రాసి, పక్కన పొడి సంతకం పెట్టాను.

"ఇప్పుడు పందొమ్మిది చదువు" అంది తబితమ్మ అత్తయ్య.

ఎజ్రా గారికి నిబంధనలన్నీ కంఠస్థం. ఆ పుస్తకం తెరవక ముందే ఆయన మొహం మారింది. అయినా తెరిచారు. "ఒక సభ్యునికి ఒకే సమాధి. ఎక్కడైనా సమాధి స్థలం వినియోగించుకుని పిమ్మట ఖాళీ చేసినవారికి సంఘం మరొక స్థలం కేటాయించరాదు. స్థలం లేని సంఖ్య ఇవ్వరాదు."

మందిరంలో గుసగుస మొదలైంది. ఎజ్రా గారు చెయ్యెత్తారు.

"ఆగండి. అది అరువు సమాధి. ఆయన పేరు మీద లేదు."

"సొంతదైనా ఇతరులదైనా అని నువ్వే చదివావు."

"మూడు రోజులే కదండి. దాన్ని వినియోగం అనలేం. తాత్కాలిక బస అనవచ్చు."

"ఎజ్రా గారూ" అన్నారు అయ్యగారు, "ఆయన నిజంగా చనిపోయాడండి. బస చేయలేదు."

ఎజ్రా గారు పుస్తకం చేతులు మార్చుకున్నారు. ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఎదురైన ప్రతి చిక్కుకూ చివర వాడే మాట ఒకటి ఆయన దగ్గర ఉంది. ఆలోచించకుండా అదే వాడేశారు.

"ఖాళీ చేసినట్టు ఆధారం ఉందా?"

అన్నాక ఆయనకూ వినిపించింది, తానేం అడిగిందీ. చేతిలో నిబంధనల పుస్తకం, ఎదురుగా రెండు వందల మంది, కుర్చీలో సండే స్కూలు టీచరు.

"నీకు ఆధారం కావాలా ఎజ్రా?" అంది ఆమె. నెమ్మదిగానే అంది.

ఆయన పుస్తకం మూసేశారు.

"లేదండి" అన్నారు. "అక్కర్లేదు. ఆయన ఖాళీ చేశాడు. నేను నమ్ముతున్నాను."

మైకు దగ్గరగానే ఉంది. అందరికీ వినిపించింది. ఎజ్రా గారు ఇరవై ఏళ్లుగా సంఘంలో నివేదికలు చదివారు, ప్రకటనలు చదివారు. ఆయన నోట విశ్వాస ప్రకటన మేం వినడం అదే మొదటిసారి. అదీ నిబంధన పందొమ్మిది కింద.

తీర్మానం నేనే రాశాను. దరఖాస్తుదారు గతంలో ఒక పర్యాయము సమాధి స్థలము వినియోగించుకుని, మూడవ దినమున తానే స్వయముగా ఖాళీ చేసినందున, వారికి ఈ సంఘ పరిధిలో స్థలము గానీ సంఖ్య గానీ ఇవ్వజాలమని, ఫిబ్రవరి నెల నమోదును రద్దుపరచి సభ్యులందరికీ పాత సంఖ్యలు పునరుద్ధరించడమైనదని. ఏకగ్రీవం. సుకన్య రొయ్యల చెరువులోంచి గట్టెక్కింది. నూట ఎనభై ఏడుగురిపై ఆక్రమణ కేసులు ఎత్తేశారు.

అందరూ లేస్తుంటే ఎజ్రా గారు ఆ కుర్చీ దగ్గరకు వచ్చారు. ఓడిపోయిన మనిషిలా లేరు. దారి తప్పిన మనిషిలా ఉన్నారు.

"మరి ఆయనకి మొదటి స్థానం ఎక్కడిచ్చేదండి?"

"పొద్దున్నే లేవగానే ముందేం చేస్తావు?"

ఎజ్రా గారు కొంచెం ఆగి, "ఫోను చూస్తానండి" అన్నారు.

"అక్కడ మార్చు. దానికి తీర్మానం అక్కర్లేదు." ఆమె మనవడి భుజం పట్టుకుని లేచింది. రెండడుగులు వేసి నా వైపు తిరిగింది. "అడ్డుపడలేదు సీలాసూ. అడిగాను."

బుధవారం సాయంత్రం తబితమ్మ అత్తయ్య పోయింది. గురువారం యాభై ఎనిమిదిలో పూడ్చాం. అంతకు ముందు గోంగూర కోయాల్సి వచ్చింది. ఎవరికీ చేయి రాలేదు. చివరికి ఎజ్రా గారు పంచె ఎగ్గట్టి, వంగి, తానే కోసి, కట్టలు కట్టి అయ్యగారింటికి పంపారు. కట్టకు ఇన్ని కాడలు అని లెక్కపెట్టారనుకోండి. అలవాట్లు ఒక్క వారంలో పోవు.

పండుగ ఆదివారం తెల్లవారుజామున అందరం తోటకు వెళ్లాం. కొవ్వొత్తులు గాలికి ఆరిపోతుంటే ఒకరి దగ్గర ఒకరం వెలిగించుకుంటూ పాడాం. పాడుతూ యాభై ఏడు, యాభై ఎనిమిది రాళ్ల మధ్య చూశాను. చెయ్యి చాస్తే అందేంత దూరం. ఆయన లేచినట్టే ఒకనాడు మనమంతా ఒక్కసారే లేస్తామనే ఆ పాట నాకు చిన్నప్పటి నుంచి వచ్చు. మాటలకు అర్థం ఏమిటో చూసుకుంటూ పాడింది ఆ రోజే.

పాత రిజిస్టరు కొట్టివేతలతో నిండిపోవడం వల్ల కొత్తది తయారుచేయమన్నారు. పది రోజులు కూర్చుని అందరి పేర్లూ ఎత్తి రాశాను. ఒకటి తలారి ఆరోను గారు. యాభై ఏడు యోనా మేస్త్రి. యాభై ఎనిమిది తబితమ్మ. ఎజ్రా గారు వచ్చి గీతలు సరిగా ఉన్నాయో లేదో చూశారు. చివరి గడి మీద వేలు పెట్టారు.

"ఈ ఖాళీ చేసిన తేదీ గడి ఇంకా ఎందుకండీ? నలభై ఏళ్లలో ఒక్కసారే వాడారు. తీసేస్తే కాగితం కలిసొస్తుంది."

"ఉండనివ్వండి" అన్నాను. "అవసరం పడుతుంది."

ఆయన నన్ను చూశారు. రిజిస్టరు చూశారు. కింది దాకా ఖాళీగా ఉన్న ఆ గళ్ల వరుసను చాలాసేపు చూశారు. తర్వాత పెన్ను మూత తీసి, పేజీ అడుగున ఆమోదించినట్టు పొడి సంతకం పెట్టారు.

"ఇంతమందికీ తేదీలు రాయాలంటే పనే" అన్నారు.

"పెద్ద పనేం కాదండి. ఒకే తేదీ. పైన ఒకసారి రాస్తే, కిందికి డిటోలు పెట్టుకుంటూ పోవడమే."